కలిసి వ్యాపారం చేయువారికి ధర్మశాస్త్రం చెప్పిన మాటలు

ధర్మశాస్త్రమనగానే సంధ్యావందనం, ఆశౌచం, శ్రాద్ధవిధి, ఏకాదశీ నిర్ణయం ఇవే మనకు జ్ఞాపకం వస్తాయి. ఆలయానికి వచ్చే గృహస్థులు నన్ను అడిగే సందేహాలు కూడా చాలావరకు ఇవే. కానీ యాజ్ఞవల్క్యస్మృతిని తెరచి చూస్తే అందులో ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అని మూడు భాగములున్నవి. నడిమి భాగమంతా అప్పులు, తాకట్లు, తూనికలు, సరిహద్దులు, కూలి, వాటాలు వీటిని గూర్చినదే. అంగడిలో జరిగే వ్యవహారమును మన ఋషులు ధర్మానికి వెలుపలిదిగా ఎంచలేదు. ఏటేటా కొత్త ఖాతా పుస్తకాలు తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టించి, స్వామి పాదముల చెంత ఉంచి తీసుకొని వెళ్ళే వర్తకులు మనలో అనేకులు కలరు. ఆ పుస్తకముల లోపలి లెక్కను గూర్చి కూడా శాస్త్రం మాట్లాడినదని వారికి మనవి చేయుటకే ఈ వ్యాసం.

మనువు వివాదములను 18 విధములుగా లెక్కించినాడు. ఋణము, నిక్షేపము, తనది కాని వస్తువును అమ్ముట అనే మూడింటి తరువాత నాలుగవది సంభూయ సముత్థానము. సంభూయ అనగా కలిసి. సముత్థానము అనగా పైకి లేచుట. ఇప్పుడు మనం పొత్తు వ్యాపారమనీ, భాగస్వామ్యమనీ అనేదానికి పూర్వులు పెట్టిన పేరు ఇది. మన వాడుక మాటలు పంచుకొనుటను చెప్పుతున్నవి. ఆ మాట లేచుటను చెప్పుచున్నది. నాకు ఆ పేరే ఎక్కువ నచ్చుతుంది.

ఇందులో ఒక విశేషమున్నది. మనువు ఈ ప్రకరణంలో వర్తకులతో ప్రారంభించలేదు, యజ్ఞంతో ప్రారంభించినాడు. ఒక యజ్ఞంలో 16 మంది ఋత్విక్కులు పనిచేస్తారు. దక్షిణగా వచ్చిన 100 గోవులను వారు ఎట్లా పంచుకోవలెను? ప్రధాన ఋత్విక్కులు నలుగురికి 48, రెండవ శ్రేణి నలుగురికి 24, మూడవ శ్రేణికి 16, నాలుగవ శ్రేణికి 12 అని వ్యాఖ్యాతలు లెక్క కట్టినారు. మొత్తం 100 సరిపోయినది. పని మధ్యలో ఒకడు తప్పుకొంటే అతనికి చేసినంత పనికే భాగం. కలిసి పనిచేసే వారందరికీ ఇదే న్యాయమును అన్వయించుకొమ్మని మనువు ముగించినాడు. యజ్ఞశాలకు ఒక లెక్క, దుకాణానికి మరొక లెక్క అని ఆయన అనలేదు.

యాజ్ఞవల్క్యుడు వర్తకులను సూటిగా ప్రస్తావించినాడు. లాభం కోసం కలిసిన వర్తకులు పెట్టిన ధనమును బట్టి గాని, ముందుగా చేసుకొన్న ఒప్పందమును బట్టి గాని లాభనష్టములు రెండూ పంచుకోవలెను. తోడివారు వద్దన్న పని చేసి గాని, వారు చెప్పని పని చేసి గాని, ఏమరుపాటు వలన గాని సరకును పాడుచేసినవాడు ఆ నష్టమును తానే పూడ్చవలెను. విపత్తు నుండి సరకును కాపాడినవానికి అందులో పదవ వంతు అదనంగా ముట్టవలెను. ఒకనికి స్వయంగా పనిచేసే శక్తి లేకపోతే మరొకనిచేత చేయించవచ్చును. వంకరగా నడచినవానిని లాభం ఇవ్వకుండా వెళ్ళగొట్టవలెను. లాభం లేకుండా పంపుమన్నాడే గాని అతని మూలధనమును లాగుకొనుమని అనలేదని గమనించగోరుతాను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య వ్రాసినాడు. 13వ శతాబ్దంలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. అంటే సంస్కృతం రాని తెలుగు వర్తకునికి కూడా ఈ న్యాయం చేరి ఏడు వందల ఏండ్లు దాటినది.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ఇప్పుడు అమలులో ఉన్నది. ఒక న్యాయవాది మిత్రుడు దానిని నాకు చదివి వినిపించినాడు. 9వ సెక్షన్ ప్రకారం భాగస్వాములు ఒకరిపట్ల ఒకరు న్యాయంగా, విశ్వాసంగా ఉండవలెను. నిజమైన లెక్కలు చూపవలెను. తెలిసిన విషయములు దాచరాదు. మన స్మృతులు కోరినదీ అదే. ఒక్కచోట మాత్రం భేదమున్నది. ఒప్పందమేదీ లేనప్పుడు స్మృతి పెట్టుబడిని బట్టి పంచుమన్నది, 13వ సెక్షన్ సమానంగా పంచుమన్నది. పదిలక్షలు పెట్టినవాడు, రెండు లక్షలు పెట్టినవాడు నోటిమాట మీద కలిసి, తరువాత తగవు పడితే ఈ భేదం ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చును. “అన్నదమ్ముల వలె ఉన్నాము, మాకు కాగితమెందుకు” అనేవారిని చాలామందిని చూచినాను. తల్లీ బిడ్డా ఒకటైనా నోరూ కడుపూ వేరని పెద్దలన్నారు. వ్రాతను, అనుభవమును, సాక్షిని ప్రమాణములుగా చెప్పినప్పుడు యాజ్ఞవల్క్యుడు వ్రాతకే మొదటి స్థానమిచ్చినాడు. వ్రాసుకొనుట అపనమ్మకమని ఆయనకు తోచలేదు.

ఇక ఎవరితో కలవవలెను? దీనిని బృహస్పతి చెప్పినాడు. శక్తి లేనివారితో, సోమరులతో, రోగపీడితులతో, అదృష్టహీనులతో, ఆశ్రయం లేనివారితో పొత్తు వద్దన్నాడు. ఈ మాటలు కొంచెం కఠినంగా తోచవచ్చును. వారికి సాయం చేయవద్దని దీని అర్థం కాదు. సాయానికీ పొత్తుకూ భేదమున్నది, ఆ రెండూ కలిపినందువల్లనే ఎన్నో బంధుత్వములు చెడినవి. కలువదగినవాడు సత్కులజాతుడు, సమర్థుడు, చురుకైనవాడు, తెలివిగలవాడు, నాణెములను గుర్తించగలవాడు, ఆదాయవ్యయములు ఎరిగినవాడు, శుచి, ధైర్యవంతుడు అయి ఉండవలెను. మొదటి మాట పెంపకమును ఉద్దేశించి అన్నదని నా అభిప్రాయం. నాణెములను గుర్తించుటకు ఆయన వాడిన నాణక శబ్దం నుండియే మన నాణెము వచ్చినది. ఈ పట్టికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది శుచి అనే మాట. అన్ని శౌచములలోనూ ధనవిషయమైన శౌచమే గొప్పదనీ, మట్టితో నీటితో కడుగుకొన్నంత మాత్రాన శుచి కాడనీ మనువు నిర్ణయించినాడు. బృహస్పతి శుచి అన్నది స్నానమును గూర్చి కాదు.

ఈ భేదం ఎంత ముఖ్యమో తెలిపే విషయమొకటి నేనెరుగుదును. ఇద్దరు స్నేహితులు కలిసి పప్పుల మిల్లు పెట్టినారు. ఇద్దరూ మహాభక్తులు. ఏటా కల్యాణోత్సవమునకు కలిసే కూర్చునేవారు, కలిసే కాలినడకన కొండ ఎక్కేవారు. ఒకాయన మిల్లు, గోదాము చూచేవాడు. రెండవ ఆయన పల్లెల్లోని చిల్లర దుకాణములకు సరకు వేసి వసూళ్ళు చూచేవాడు. పదునాలుగేండ్లు ఒక్క మాట తేడా రాలేదు. ఒకనాడు ఒక పల్లెలో దుకాణదారు ఈ రెండవ ఆయన ఎదుటనే బస్తాను కాటాకు ఎత్తించినాడు. అరకిలో తక్కువ వచ్చినది. మరొక బస్తా తూచినారు, అదీ అంతే.

ఇంటికి వచ్చి అడిగితే మొదటి ఆయన దాచలేదు. “బజారంతా అట్లాగే చేస్తున్నది అన్నయ్యా, నేనొక్కడినే తిన్నానా? సగం నీకూ వచ్చినది కదా” అన్నాడు. ఇద్దరూ కలిసి నా వద్దకు వచ్చినారు. నేను తీర్పరిని కాను, శాస్త్రంలో ఉన్నది మాత్రం వినిపించినాను. కౌటిల్యుడు ఈ ప్రకరణంలోనే ఒక దయగల మాట చెప్పినాడు. కలిసి పనిచేసేవారిలో ఒకడు దొంగిలిస్తే అతనికి అభయమిచ్చి, వాటా ఇస్తామని మాట ఇచ్చి నిజం రాబట్టవలెను. ఆ మాట ప్రకారం అభయమూ వాటా రెండూ ఇవ్వవలెను. మరల దొంగిలిస్తేనే వెళ్ళగొట్టవలెను. రెండవ ఆయన వెంటనే ఒప్పుకొన్నాడు. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, మొదటి ఆయన దృష్టిలో అది దొంగతనమే కాదు. తప్పు అనుకోని దానిని ఎవరు క్షమించగలరు? ఇద్దరూ ఒకే దేవుని కొలిచినారు, కానీ తూకమును గూర్చి వారి మధ్య పదునాలుగేండ్లలో ఒక్కసారి కూడా మాట రాలేదు. ఏది తప్పు, ఏది అంగడి మర్యాద అన్న ప్రశ్న మొదటి రోజునే మాట్లాడుకొని ఉంటే వారు కలిసేవారే కాదేమో, లేదా ఆ తూకం సరిగా ఉండేదేమో. పెట్టుబడి ఎంత, వాటా ఎంత అని అడిగినంత తేలికగా మనవారు ఈ ప్రశ్న అడగరు. మర్యాదకు లోపమనుకుంటారు.

విడిపోయినారు. లెక్కలు తేల్చుకొన్నారు. అప్పుడు రెండవ ఆయన ఒంటరిగా వచ్చి, తక్కువ తూకం వలన తనకు వచ్చిన సగమును స్వామి హుండీలో వేస్తానన్నాడు. శ్రీనివాసుని వ్యాపారంలో భాగస్వామిగా భావించి వాటా సమర్పించే ఆచారం మన వర్తకులలో ఉన్నదే, అది మంచి ఆచారం. అయినప్పటికీ నేను వద్దన్నాను. ఇవ్వకూడని వస్తువులు ఎనిమిదింటిని నారదుడు లెక్కించినాడు. ఇతరులు దాచిపెట్టుమని ఇచ్చినది, తాకట్టుగా వచ్చినది, పలువురికి ఉమ్మడిగా ఉన్నది వీటిలోనివే. ఉమ్మడి సొమ్మునే ఒకడు దానం చేయరాదన్నప్పుడు, బొత్తిగా తనది కాని సొమ్మును దేవునికి ఎట్లా ఇవ్వగలడు? ఈ మాట ఆలయ పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. తోడివాని వాటా, కూలివాని కూలి, కొన్నవాని తూకం తీరిన తరువాత మిగిలినదే స్వామికి సమర్పించదగినది.

ఆయన చిట్టాలు, ఆవర్జాలు తిరుగవేసినాడు. సరకు తీసుకొన్న దుకాణములన్నీ ఖాతా దుకాణములే కనుక ఎవరికి ఎన్ని బస్తాలు పోయినవో తెలిసినది. ఒక్కొక్కరి ఖాతాలో అంత మొత్తం జమ వ్రాసినాడు. కారణమడిగిన వారికి కారణం చెప్పినాడు. ఇద్దరు ముగ్గురు ఆయనను దుర్భాషలాడి సరకు మానినారు. తక్కినవారు ఇప్పటికీ ఆయన వద్దనే కొంటున్నారు. ఇప్పుడు వారి కొడుకులు కూర్చుంటున్నారు.

మహాభారతం శాంతిపర్వంలో తులాధారుని కథ ఉన్నది. జాజలి అనే తపస్వి తన జడలలో పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టినా కదలక నిలిచి, తాను ధర్మమును సాధించినానని పొంగినాడు. వారణాసిలోని తులాధారుడనే వర్తకునితో నీవు సాటిరావని ఆకాశవాణి పలికినది. వెళ్ళి చూస్తే అతడు అంగడిలో కూర్చుండి వస్తువులు అమ్ముతున్నాడు. అతడు చెప్పుకొన్న గొప్ప ఏమిటి? ఒకరి వద్ద కొన్నది మరొకరికి మోసం లేకుండా అమ్ముతాననీ, మద్యం అమ్మననీ, తన త్రాసు అందరికీ సమమనీ. ఇంతే. ఏమి అమ్మడో కూడా చెప్పినాడని పాఠకులు గమనించవలెను. పొత్తు కుదుర్చుకొనేవారు ఏమి చేద్దామని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, ఏమి చేయవద్దని అనుకొనేది అరుదు.

విలువలు కలియుటకు ఒకే కులం, ఒకే ఊరు, ఒకే దైవం కావలెనా అని ఒక యువకుడు నన్ను అడిగినాడు. దానికి మన తెలుగు నేలమీదనే సమాధానమున్నది. కాకతీయుల కాలపు శాసనములలో స్వదేశీ, పరదేశీ వర్తకులు కలిసిన సమూహమును పెక్కండ్రు అని పేర్కొన్నారు. ఎక్కడెక్కడి వారో ఒక కట్టుబాటుకు లోబడి వ్యాపారం చేసినారు, తమ సరకు మీద తామే ఇంతని విధించుకొని దేవాలయములకు ఇచ్చినారు. అంతకంటె గొప్పది మోటుపల్లి అభయశాసనం. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారం, గుర్రములు, ఏనుగులు, రత్నములు సర్వమును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవ చక్రవర్తి 1244లో ఆ హక్కును వదలుకొన్నాడు. ఏ దేశం నుండి, ఏ ద్వీపం నుండి వచ్చిన వర్తకుడైనా నిర్ణీతమైన సుంకం చెల్లిస్తే చాలునని శాసనం వేయించినాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పదింట ఒక వంతు. గంధం, కర్పూరం మొదలైన వాటికి వేరువేరు రేట్లు అందరూ చదువుకొనేటట్లు రాతిమీదనే చెక్కించినాడు. వచ్చేవాడు ఏ దేవునికి మ్రొక్కుతాడని అందులో అడుగలేదు. తరువాతి తరంలో మార్కోపోలో తన గ్రంథంలో ముత్‌ఫిలి అన్నది ఈ రేవునే. అక్కడి వజ్రములను, సన్నని వస్త్రములను ఆయన పొగడినాడు.

ఆ శాసనం సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్నది. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లిలో వీరభద్రస్వామి ఆలయంలో ఇప్పటికీ నిలిచి ఉన్నది. చీరాల వైపు వెళ్ళే భక్తులు స్వామిని సేవించుకొని ఆ శిలను కూడా చూచి రావచ్చును.