విరిగిన ఎముకకు కట్టా, ఆపరేషనా?

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు సున్నపురాతిని నీరు తొలిచి ఏర్పడినవి. ఆ చుట్టుపక్కల నాపరాతి గనులే ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. బండ జారితే కాలో చెయ్యో విరుగుతుంది. అప్పుడు ఇంట్లో తలెత్తే ప్రశ్న ఒక్కటే: పుత్తూరు కట్టుకు వెళ్ళాలా, ఆపరేషన్ చేయించాలా?

ప్రియ పాఠకులారా! అతుక్కునే శక్తిని అల్లాహ్ ఎముకలోనే నిక్షిప్తం చేశాడు. ఆకు పసరుతో వేసే కట్టయినా, పిండికట్టయినా, లోపల అమర్చే ప్లేటయినా చేసే పని ఒక్కటే: అతుకు పడేవరకు విరిగిన కొనలను సరైన చోట కదలకుండా నిలపటం. కనుక ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముక పక్కకు తొలగకుంటే, ముఖ్యంగా పిల్లలలో, చాలావరకు కట్టే చాలు. ఎముక చర్మాన్ని చీల్చుకొని వచ్చినా, కీలులో విరిగి తొలగినా, వృద్ధులకు తుంటి విరిగినా సాధారణంగా ఆపరేషన్ అవసరమవుతుంది.

కట్టు వేసిన తరువాత నొప్పి పెరుగుతున్నా, వ్రేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగరాదు. రక్తప్రసరణ ఆగితే కొన్ని గంటలలోనే కండరం చచ్చిపోతుంది. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

చికిత్స చేయించుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయంగా ఆదేశించారు. వైద్యం తెలియకుండా చేసినవాడు కలిగిన హానికి బాధ్యుడని కూడా హెచ్చరించారు. ఈ హెచ్చరిక కట్టు కట్టేవారికీ, కత్తి పట్టేవారికీ సమానమే. వెయ్యేళ్ళ క్రితం కొర్డోవా వైద్యుడు అల్ జహ్రావీ తన 30 భాగాల ‘అత్తస్రీఫ్’ గ్రంథపు చివరి భాగంలో శస్త్రచికిత్సతోపాటు ఎముకల విరుగుళ్ళనూ వివరించారు. రెండు విద్యలూ మన పూర్వీకులు నేర్చినవే.

కట్టు తడిస్తే పాడవుతుందని కొందరు నమాజే మానుకుంటారు. ఇది సరికాదు. వుజూలో మిగిలిన అవయవాలను కడిగి, కట్టుపై తడిచేతితో మసహ్ చేస్తే చాలు. మేజోళ్ళపై మసహ్‌కు ఉన్నట్లు దీనికి గడువు లేదు. కట్టు అవసరమున్నంత కాలం చెల్లుతుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం కట్టు వేసేముందు వుజూ ఉండాలన్న షరతు కూడా లేదు. నిలబడలేనివారు కూర్చొని, అదీ కుదరకుంటే పడుకొని సైగలతో నమాజు చేయవచ్చు.

శరీరం మనకు అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానిని పరువు కోసమో, పంతం కోసమో, ఎవరో చెప్పిన మాట కోసమో తెలియనివారి చేతిలో పెట్టకూడదు. తెలిసినవారిని ఆశ్రయించుదాము, స్వస్థత కోసం అల్లాహ్‌ను వేడుకుందాము.