పిడిగుద్దు కోసం కాచుకునే యంత్రం

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస కుటుంబం వారు కీచకవధ నాటకం ఆడేనాటికి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పుట్టి 8 ఏళ్లే. భీముడి గుద్దుకి చప్పుడు కావాలంటే వేదిక దగ్గర ఎవరో ఒకరు చేత్తో పుట్టించాల్సిందే.

1924లో రోమ్‌లో రెస్పిఘి ‘పైన్స్ ఆఫ్ రోమ్’ తొలి ప్రదర్శనలో గ్రామఫోను మీద నైటింగేల్ పిట్ట కూత వినిపించారు. ప్లేటు తిరగడం మొదలయ్యాక పిట్ట ఎవరి కోసమూ ఆగదు, వాద్యగాళ్లే సర్దుకోవాలి. పిట్టకి అది చెల్లింది. మన పద్యనాటకంలో చెల్లదు. జనం వన్స్‌మోర్ అన్నారంటే భీముడు పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, గుద్దు నిమిషం వెనక్కి పోతుంది. రికార్డయిన చప్పుడే నటుడి కోసం కాచుకోవాలి.

అలా కాచుకున్న యంత్రాల్లో పేరుపడింది ఇంగ్లండులో 1963లో వచ్చిన మెలోట్రాన్. మీట మీటకీ ఒక టేపు ముక్క. నొక్కితే 8 సెకన్లు పలుకుతుంది, వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. బరువు, పైగా టేపుల చిక్కు. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టాపాడ్ వచ్చింది. 8 రబ్బరు పలకలే, సొంత గొంతు లేదు. దెబ్బ తగిలితే మిడి తీగ మీద వేరే యంత్రానికి కబురు పంపేది. అదే కంపెనీ 1998 నాటి ఎస్‌పీడీ-20లో 700 శబ్దాలు లోపలే ఉన్నాయి. మన ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్ అంటే చాలాకాలం ఇదే. కాకపోతే మనం రికార్డు చేసుకున్నది అందులోకి ఎక్కదు. 2003 నాటి ఎస్‌పీడీ-ఎస్ లాంటి శాంప్లింగ్ ప్యాడ్‌లో ఎక్కుతుంది. నాటకానికి కావలసింది ఈ రకమే.

ల్యాప్‌టాప్ చాలదా? చాలుతుంది, తీగతో కలిపితే. దెబ్బకీ చప్పుడుకీ 10 మిల్లీసెకన్ల ఎడం ఉంటే తబలా మూడున్నర మీటర్ల అవతల మోగినట్టే, చెవికి ఆనదు. బ్లూటూత్ స్పీకరుకి పంపితే ఆ ఎడం మామూలుగా 100 దాటుతుంది. కీచకుడు కూలాక గుద్దు వినిపిస్తుంది. సెల్‌ఫోన్ సంగతి సరేసరి, ద్రౌపది ఏడుస్తుండగా ఎవరో ఫోన్ చేస్తారు.

యంత్రం కన్నా ఎక్కువగా మోసం చేసేది హారన్ మైకు. కర్నూలు వైపు తిరునాళ్లలో గుంజలకి కట్టే ఆ గొట్టాలు దాదాపు 300 హెర్ట్జ్ కింద ఉన్న ధ్వనిని సరిగ్గా పలకవు. ఉరుములో గాంభీర్యమంతా ఆ కిందే ఉంటుంది. ఇంట్లో హెడ్‌ఫోన్లో గుండె అదిరించిన ఉరుము అక్కడ గొంతు పోయి వస్తుంది. అందుకని ఫెళ్లుమనే పిడుగుని ఏరుకోవాలి, మోనోలో ఎక్కించుకోవాలి. స్టీరియో రికార్డింగుకి ఒక్క తీగే తగిలిస్తే కొన్ని యంత్రాల్లో సగం శబ్దం పెట్టెలోనే ఉండిపోవచ్చు.

పలకల వరస కూడా చూసుకోవాలి. ఒకదాన్ని గట్టిగా బాదితే అదురుకి పక్కది మోగుతుంది. సెట్టింగుల్లో దీన్ని తగ్గించుకోవచ్చుగానీ, శంఖం పక్కన మాత్రం పిడుగు పెట్టకండి. యుద్ధభేరిలా సాగే శబ్దాన్ని రెండో దెబ్బకి ఆగేలా అమర్చుకోండి. అడాప్టర్ తీగని స్టాండుకి టేపుతో చుట్టేయండి. కరెంటు తెగితే ప్యాడ్ మళ్లీ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.