పుట్టేది సంద్రంలో.. పెరిగేది మడల్లో

యానాం: ఇక్కడి మత్స్యకారుల వలలో పడే రొయ్య పుట్టేది సముద్రంలో. పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. నీటికి ఎదురీదే సత్తా ఉండదు. నీరు ఎటు లాగితే అటే! ఇలాంటి జీవులే జంతు ప్లవకాలు. ఏది ఎక్కడ బతకాలో తేల్చడంలో ప్రవాహానిది, తీరం చాటుది పెద్ద పాత్ర.

బయట తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ దాకా ఉత్తరానికి సాగుతుంది. అక్టోబరు-డిసెంబరుల్లో దక్షిణానికి మళ్లుతుంది. అప్పుడు గంగ, మహానది నీళ్లు కలిసి ఉప్పు తగ్గుతుంది. ఉప్పదనం బాగా కావాల్సిన జీవులు వెనక్కి తగ్గుతాయి.

కాకినాడ అఖాతం తీరు వేరు. తూర్పున దాదాపు 16 కిలోమీటర్ల పొడవైన హోప్‌ ఐలాండ్‌ ఇసుక మేట అలలకు అడ్డుగోడ. యానాం దగ్గర చీలే కోరింగ పాయ గోదావరి నీటిని, మడ అడవుల్లో రాలిన ఆకుల సారాన్ని లోపలికి మోసుకొస్తుంది. ఉప్పు హెచ్చుతగ్గులను తట్టుకునే బుల్లి కోపెపాడ్లదే ఇక్కడ రాజ్యం. చేపపిల్లలకు అవే తిండి. పోటుతో లోపలికి చేరిన రొయ్యపిల్లలు మడల చాటున పెరిగి మళ్లీ సంద్రం బాట పడతాయి.

మడలు నరికినా, అఖాతం ముఖద్వారం పూడినా తొలి దెబ్బ ఈ కనిపించని జీవులకే. ఆ తర్వాత ఖాళీ అయ్యేది గంగపుత్రుల వల.