పాత పేరు, కొత్త పాళీ

తయారీ ఆగిపోయిన ఇంకు పెన్నును దశాబ్దాల తరవాత అదే కంపెనీ గానీ, ఆ కంపెనీ పేరు కొనుక్కున్న మరో సంస్థ గానీ మళ్లీ చేసి అమ్మితే దాన్ని పునర్విడుదల అంటారు. పుస్తకానికి పునర్ముద్రణ ఎలాగో పెన్నుకు ఇది అలాగ. అయితే పుస్తకంలో అక్షరం మారకపోతే చాలు, పాఠకుడికి పేచీ ఉండదు. పెన్నులో మారకూడనిది ఏమిటన్న దగ్గర మాత్రం అభిమానుల్లో ఏకాభిప్రాయం లేదు. కొందరికి ముఖ్యం ఆకారం, కొందరికి పాళీ కాగితం మీద నడిచే తీరు. లోపల ఇంకు నిండే ఏర్పాటు మారితే పెన్నే మారిపోయిందనేవారూ ఉన్నారు. అందుకే పాత పెన్ను తిరిగొచ్చిన ప్రతిసారీ సంబరం, సణుగుడు రెండూ వినిపిస్తాయి.

ఈ వాదం అర్థం కావాలంటే పెన్నును ఒకసారి విప్పి చూడాలి. పనిచేసే భాగాలు మూడే: పాళీ, దాని కిందుండే ఫీడ్, ఇంకు నిలవుండే గది. ఫీడ్ అంటే పాళీ పొట్టకు అతుక్కుని ఉండే నల్లని ముక్క. దాని మీది సన్నని గాడి వెంట ఇంకు కిందికి దిగుతుంది, ఖాళీ అయిన చోటికి గాలి పైకి వెళుతుంది. ఇంకు, గాలి ఎదురెదురుగా సాఫీగా నడిచేలా మూడు కాలువల ఫీడ్‌కు న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంకు పెన్ను నమ్మకంగా రాయడం అప్పటి నుంచే. ఫీడ్ పక్కన దువ్వెన పళ్లలా ఉండే గాట్లు ఎక్కువైన ఇంకును పట్టి ఉంచి, కాగితం మీద మరక పడకుండా చూస్తాయి.

ఇంకు నింపే పద్ధతులు మాత్రం చాలా ఉన్నాయి. అన్నిటికన్నా పాతది, తెలుగునాట ఒక తరమంతా చేతులు నీలం చేసుకుని నేర్చుకున్నది, పెన్ను మర విప్పి ఫిల్లరుతో గొట్టంలోకి ఇంకు పోయడం. తరవాత రబ్బరు తిత్తులు, వాటిని నొక్కే మీటలు, మర తిప్పితే సిరంజిలా ఇంకు పీల్చే పిస్టన్లు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ముందే ఇంకు నింపి అమ్మే కార్ట్రిడ్జి, దాని స్థానంలో అమరే చిన్న పీల్చుడు గొట్టమైన కన్వర్టరు. కన్వర్టరు పాడైతే మారిస్తే సరిపోతుంది, మరమ్మతు అక్కర్లేదు. తయారీదారుకూ ఖర్చు తక్కువ.

1945 అక్టోబరులో న్యూయార్క్‌లో బాల్‌పాయింట్ పెన్ను అమ్మకానికి వచ్చింది. మరో రెండు మూడు దశాబ్దాలకు ఇంకు పెన్ను రోజువారీ అవసరాల జాబితాలోంచి తప్పుకుంది. అవసరం పోయాక మిగిలింది ఇష్టమే. ఆ ఇష్టాన్ని కంపెనీలు 1980లలో గుర్తించాయి. పెలికాన్ తన 1950ల నాటి 400 మోడల్ ఆధారంగా 1982లో ఎం400ను తెచ్చింది. 1921లో పుట్టిన డ్యూఫోల్డ్‌ను పార్కర్ తన శతజయంతి వేళ, ఆ దశాబ్దం చివర్లో మళ్లీ చేసింది. మాంట్‌బ్లాంక్ 1930ల నాటి 139 మోడల్ పోలికలతో 1992లో హెమింగ్వే పేరిట పరిమిత సంఖ్యలో పెన్ను విడుదల చేస్తే, సేకర్తల మధ్య దాని విలువ ఏటేటా పెరుగుతూ పోయింది.

పునర్విడుదలల్లో ఎక్కువ చర్చకు వచ్చినది పార్కర్ 51. 1941లో మార్కెట్లోకి వచ్చిన ఈ పెన్ను 1970ల తొలినాళ్ల దాకా నడిచింది. దీని పాళీ బయటికి కనబడదు. ముక్కు చివర కొస తప్ప మిగతాదంతా ఒక తొడుగు కింద దాగి ఉంటుంది. అది సొగసు కోసం చేసిన పని కాదు. వెంటనే ఆరిపోయే ఇంకును కాగితం మీద వాడాలని కంపెనీ కోరిక. ఆ ఇంకు పాళీ మీదే ఆరిపోకూడదు కాబట్టి పాళీని గాలికి దూరంగా కప్పారు. పైగా ఆ ఇంకులో క్షారగుణం ఎక్కువ, అప్పట్లో పెన్నులకు వాడే సెల్యులాయిడ్‌ను అది పాడుచేసేది. అందుకే పెన్ను ఒళ్లు లూసైట్ అనే గట్టి యాక్రిలిక్‌తో చేశారు. క్యాప్ తిప్పి బిగించే పని లేదు, మెల్లగా తోస్తే పట్టుకుంటుంది. ఇలా 51లో ప్రతి అంశానికీ వెనక ఒక కారణం ఉంది.

2021లో పార్కర్ ఇదే పేరుతో, ఇదే ఆకారంతో కొత్త 51ను తెచ్చింది. తొడుగు ఉంది, నిగనిగలాడే లోహపు క్యాప్ ఉంది. కానీ క్యాప్ తోసేది కాదు, మర తిప్పేది. రాసేవారి వేళ్లు ఆనే చోట ఆ మరచుట్లు తగులుతాయి. ఇంకు కార్ట్రిడ్జి నుంచో కన్వర్టరు నుంచో వస్తుంది. మామూలు రకంలో పాళీ ఉక్కుది. బంగారు పాళీ ఖరీదైన రకానికే. అసలు 51లో గొట్టంలా చుట్టిన బంగారు పాళీ, దాని చుట్టూ పొరలు పొరలుగా గాట్లున్న ఇంకు గది ఉండేవి. కొత్తదాంట్లో చిన్న మామూలు పాళీని తొడుగు కింద అమర్చారు. పాత 51 వాడినవారికి ఇది కష్టంగానే తోచింది. ముఖం ఉంది, మనిషి లేడన్నట్టు అనిపించింది. మరో పక్షం మాటలోనూ న్యాయముంది: కొత్త పెన్ను శుభ్రంగా రాస్తుంది, కన్వర్టరు పాడైతే ఎవరైనా మార్చుకోవచ్చు, దీన్ని చూసి పాత 51 కోసం వెతికే కొత్తవాళ్లు పుట్టుకొస్తున్నారు.

తెలుగు పాఠకులకు ఈ చర్చలో మరో కోణం కూడా కనబడుతుంది. పాళీ దాచుకున్న పెన్ను అనగానే ఇక్కడ చాలామందికి గుర్తొచ్చేది పార్కర్ కాదు, చైనా హీరో 616. బడి పిల్లల జేబుల నుంచి గుమాస్తాల జేబుల దాకా తిరిగిన ఆ చవక పెన్ను రూపంలో 51కు నకలే. అయినా అది తోసే క్యాప్‌ను, లోపల నొక్కి ఇంకు పీల్చే తిత్తిని అలాగే ఉంచుకుంది. సొంత పేరున్న పునర్విడుదల వదిలేసినదాన్ని పేరు లేని నకలు నిలబెట్టుకుంది. ఆకారం వేరు, ఆ ఆకారానికి కారణం వేరని దీన్ని బట్టి తేలుతుంది.

కారణాన్ని కూడా కాపాడిన పునర్విడుదలలకు ఆదరణ ఎక్కువ. పైలట్ 1971లో చేసిన మ్యూ 701 అనే ఉక్కు పెన్నులో పాళీ వేరే ముక్క కాదు. వేళ్లతో పట్టుకునే భాగమే సాగి పాళీ అవుతుంది. తన 90వ ఏట, 2008లో, అదే నిర్మాణంతో పైలట్ ఎం90ని తెచ్చింది. పెలికాన్ 2011లో 1930ల నాటి 101ఎన్‌ను మళ్లీ చేసినప్పుడు పిస్టన్‌ను అలాగే ఉంచింది. మార్క్ ట్వేన్ మెచ్చుకున్న కాంక్లిన్ పెన్నుకు పక్కన అర్ధచంద్రాకారపు లోహపు బిళ్ల ఉండేది. దాన్ని నొక్కితే తిత్తిలోకి ఇంకు చేరేది. కొత్త కాంక్లిన్ ఆ బిళ్లనూ, దాని పనినీ రెండింటినీ తిరిగి తెచ్చింది. ఎస్టర్‌బ్రుక్ ఇంకో దారి పట్టింది. పాత ఎస్టర్‌బ్రుక్ పెన్నుల పాళీలు మర విప్పి మార్చుకునేవి. కొత్త పెన్నుల్లో ఆ పాళీలు పట్టవు కాబట్టి, వాటిని బిగించుకునే అడాప్టరును కంపెనీయే విడిగా ఇస్తోంది. తాతగారి పెట్టెలో దొరికిన పాళీ కొత్త పెన్నులో రాయగలగడం ఎంతమందికో సంతోషాన్నిచ్చింది.

అమెరికా పాత కంపెనీ షేఫర్ 2022లో బెంగళూరుకు చెందిన విలియం పెన్ సంస్థ చేతికి వచ్చింది. ఆ కంపెనీ పాత మోడళ్లలో ఏది తిరిగిరావాలన్న నిర్ణయం ఇప్పుడు మన దేశంలోనే జరుగుతుంది.

ఆంధ్రదేశంలో మాత్రం పాత పెన్ను తిరిగి రావలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే అది పోలేదు. రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నుల తయారీ తరాలు దాటి వచ్చింది. దిగుమతి పెన్నులే దిక్కయిన ఆ రోజుల్లో పూర్తిగా స్వదేశంలో చేసిన పెన్ను కావాలన్నది గాంధీజీ కోరిక. పేరుకు స్వదేశీ అయితే చాలదు, విడిభాగాలు కూడా ఇక్కడివే కావాలన్నది పరీక్ష. 1934 డిసెంబరులో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం బాధ్యతలు చూస్తున్న జె.సి. కుమారప్ప ద్వారా రత్నం పెన్ను గాంధీజీకి చేరింది. దాన్ని వాడి చూసి, బజారులోని విదేశీ పెన్నులకు మంచి ప్రత్యామ్నాయమని మెచ్చుకుంటూ ఆయన 1935 జులై 16న రత్నంగారికి ఉత్తరం రాశారు.

ఇలాంటి పెన్నుకు ముడిసరుకు ఎబొనైట్. సహజ రబ్బరులో గంధకం బాగా ఎక్కువగా కలిపి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడే పదార్థమది. కడ్డీని ముక్కలుగా కోసి, నడుమ తొలిచి, లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. నల్లని పొట్టు రింగులు రింగులుగా రాలుతుంటే గంధకం వాసన వస్తుంది. మరలు కోసి, నున్నగా మెరుగు పెట్టాక అసలు పని మొదలవుతుంది. ఎబొనైట్ ఫీడ్‌ను వేడినీళ్లలో ముంచి మెత్తబడగానే పాళీకి ఒత్తిపట్టి, రెంటి మధ్యా సందు లేకుండా చేస్తారు. ఇంకు ధార ఎంత ఉండాలో అక్కడ తేలుతుంది. అచ్చుపోసిన ప్లాస్టిక్ ఫీడ్‌కు ఈ సర్దుబాటు కుదరదు. ఎండ తగిలి, తడి తగిలి ఎబొనైట్ కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని లోపమనుకునేవారు ఉన్నారు, వయసనుకుని ముచ్చటపడేవారూ ఉన్నారు. రాజమహేంద్రవరంలోనే గైడర్ పెన్నులు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న డెక్కన్ పెన్ స్టోర్స్ వారి అడ్వొకేట్ పెన్నులు, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో తిరువళ్లూరులోని రంగా పెన్నులు కూడా ఈ ఎబొనైట్ సంప్రదాయానికి చెందినవే.

అలాగని ఈ పెన్నులూ మారకుండా లేవు. దక్షిణాది ఎబొనైట్ తయారీదారులు చాలామంది పాత ఆకారంలోనే కన్వర్టరు పట్టే పెన్నులు, జర్మన్ పాళీల పెన్నులు కూడా ఇస్తున్నారు. పాతకాలపు అభిమానులకు ఇది రుచించదు. ఫిల్లరుతో నింపే పెన్నులో ఇంకు 2, 3 మిల్లీలీటర్లు పడుతుంది. కన్వర్టరులో ఒక మిల్లీలీటరుకు లోపే. అంత విశాలమైన పెన్నులో అంత చిన్న గొట్టం ఎందుకని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు అనంతపురం ఎండలో దొరుకుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఆ మెట్ట పీఠభూమిలో వేసవి పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫిల్లరుతో నింపిన 3 మిల్లీలీటర్ల పెన్నులో ఇంకు ఒక మిల్లీలీటరుకు దిగిందనుకుంటే, మిగతా 2 మిల్లీలీటర్లూ గాలి. నీడలో 30 డిగ్రీలున్న ఆ గాలి చేతివేడికీ బయటి వేడికీ 40కి చేరితే వందకు మూడు వంతుల పైచిలుకు వ్యాకోచిస్తుంది. అంటే సుమారు 0.07 మిల్లీలీటర్లు, ఒక పెద్ద చుక్క. ఆ చుక్కే పాళీ మీదుగా దస్తావేజు మీద పడుతుంది. సగం ఖాళీ అయిన కన్వర్టరులో గాలి చాలా తక్కువ కాబట్టి అదే వేడికి బయటికొచ్చేది పావు చుక్క; ఫీడ్ గాట్లు దాన్ని పట్టేస్తాయి. కాబట్టి కన్వర్టరును కంపెనీల సోమరితనంగానే చూడటం సరికాదు. వేడిని మెల్లగా దాటనిచ్చే మందమైన ఎబొనైట్ గోడ, ఇంకు సగానికి దిగకముందే మళ్లీ నింపుకునే అలవాటు, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోవడం, మరకు కాస్త సిలికాన్ గ్రీజు: ఇవి పాతవారు కనిపెట్టుకున్న ఉపాయాలు. పొడిగాలికి విరుగుడు కూడా పాతవారికి తెలుసు. క్యాప్ గట్టిగా మూసుకునే పెన్ను, పాళీ దాచుకునే పెన్ను ఆరిపోకుండా ఎక్కువసేపు నిలబడతాయి. 51 తొడుగు ఎందుకు పుట్టిందో సీమ ఎండాకాలంలో వేరే చెప్పనక్కర్లేదు.

కొనేవారు మూడు రకాలను కలిపేసుకోకూడదు. పాత పెన్ను అంటే ఆ కాలంలోనే తయారైనది. దాని రబ్బరు తిత్తి, బిరడాలు మార్చాల్సి రావచ్చు. పునర్విడుదల అంటే పేరు మీద హక్కు ఉన్నవారు ఇప్పుడు చేసినది. నకలు అంటే పోలిక తప్ప హక్కు లేనిది. నకలు బాగా రాయొచ్చు, పునర్విడుదల నిరాశపరచొచ్చు, కానీ ఒకదాన్ని ఇంకోటిగా అమ్మడం మోసమే. కొనేముందు అడగాల్సినవి నాలుగు: పాళీ ఏ లోహం, ఎవరు చేశారు; ఫీడ్ ఎబొనైటా, ప్లాస్టిక్కా; ఇంకు ఎలా నిండుతుంది; పాత విడిభాగం ఏదైనా ఇందులో పడుతుందా.

ఈ ప్రశ్నలన్నిటికీ మూలం తొంభై ఏళ్ల కిందట ఒక పెన్నుకు పెట్టిన పరీక్షే: పేరు సరే, లోపలి ముక్కలు ఎక్కడివి? పెన్ను ప్రియులు పునర్విడుదలను చూసే చూపు కూడా అదే. మార్పు వచ్చినందుకు వారు అలగరు; ఎండకు తగ్గట్టు, మరమ్మతుకు తగ్గట్టు వచ్చిన మార్పును మెచ్చుకుంటారు. పైపై రూపాన్ని నిలిపి లోపలి కారణాన్ని వదిలేసి, ఆ సంగతి చెప్పకుండా పాత పేరుతో ధర పెంచితేనే చేదు పుడుతుంది. ఏది ఉంచారో, ఏది మార్చారో, ఎందుకు మార్చారో పెట్టె మీదే చెప్పిన కంపెనీ పెన్నుకు పాతవారిలోనూ కొత్తవారిలోనూ చోటుంటుంది.