పాత బండి - కొత్త చుట్టరికం

పెళ్ళి చేసేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలన్నారు. సంబంధం కుదిరేదాకా పిల్లవాడి మేనమామ ఊరు కూడా వెళ్ళి విచారించే మనం, ఆరేడు లక్షలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు చూస్తాం, రేడియో మోగించి చూస్తాం, అద్దాలు పైకీ కిందికీ ఆడిస్తాం. "బాగానే ఉన్నదండీ" అనేసి బయానా చేతిలో పెట్టేస్తాం.

పాత కారు కొనటమంటే దాని గతాన్ని కొనటం. అది ఏ నీళ్ళలో మునిగిందో, ఏ ఉప్పుగాలిలో నిలబడ్డదో, ఏ బ్యాంకుకు బాకీ ఉన్నదో, అదంతా తాళంచెవితోపాటు మన ఇంటికి వస్తుంది. ఈ సంగతి నాకు తెలియజెప్పినావిడ మా అక్కయ్య అత్తగారు. ఆమె ఏనాడూ స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు!

మా అక్కయ్యా బావా కాపురం ఉండేది ముత్తుకూరులో. నెల్లూరుకు సుమారు ఇరవై కిలోమీటర్లు. ఒక పక్క కృష్ణపట్నం రేవు, ఒక పక్క నేలటూరు థర్మల్ విద్యుత్కేంద్రం, ఎటు చూసినా రొయ్యల గుంటలు. రాత్రీ పగలూ లారీలు తిరిగే రోడ్డు. బావ ఉపాధ్యాయుడు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులకు తోడు గుండె జబ్బు కూడాను. నెలకు రెండుసార్లు నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒకనాటి అర్ధరాత్రి ఆమెకు ఆయాసం వచ్చింది. బండి దొరికేసరికి గంటంబావు పట్టింది. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఆ మర్నాడే అక్కయ్య చీటీ పాడేసింది. "కారు కొనాల్సిందే" అన్నది. అది 2025 చివర.

కొత్త బండి కొనే తాహతు వాళ్ళకు లేదు. చిన్న కారైతే సీటు మరీ కిందికుంటుంది. అత్తయ్య మోకాళ్ళకు అందులోంచి లేవటం శిక్ష. పెద్ద జీపులాంటిదైతే ఎక్కలేదు. ఈ రెంటికీ మధ్యరకం, కుర్చీ ఎత్తులో సీటుండేది, ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపించే కాంపాక్ట్ ఎస్.యు.వి. సరే, అదే చూద్దామన్నారు. ఆదివారంనాడు నన్ను రమ్మని కబురు చేశారు.

నాలుగు మీటర్ల కథ

ఈ బండ్లన్నీ ఇంచుమించు ఒకే పొడవున ఎందుకుంటాయో మీరెప్పుడైనా ఆలోచించారా? 2006 బడ్జెట్టులో కేంద్ర ప్రభుత్వం నాలుగు మీటర్లలోపు పొడవుండి, చిన్న ఇంజను ఉన్న కార్లకు ఎక్సయిజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. అంతే, కంపెనీలవారు టేపు పట్టుకుని కూర్చున్నారు. బ్రెజా, వెన్యూ, సోనెట్, ఈ మూడింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే! పరీక్షలో గట్టెక్కటానికి ఎంత రాయాలో అంతే రాసే పిల్లవాడి తెలివన్నమాట.

ఫోర్డు ఎకోస్పోర్టు 2013లోనూ, మారుతి విటారా బ్రెజా 2016లోనూ, టాటా నెక్సాన్ 2017లోనూ, హ్యుందయ్ వెన్యూ, మహీంద్రా ఎక్స్.యు.వి.300 రెండూ 2019లోనూ వచ్చాయి. 2020లో వచ్చిన కియా సోనెట్ మన రాయలసీమ బండి. పెనుకొండ దగ్గర తయారవుతుంది. ఫోర్డువారు 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నామని ప్రకటించారు. కాబట్టి ఎకోస్పోర్టు చవకగా దొరికినా, విడిభాగాల సంగతి ముందుగా కనుక్కుని కొనాలి.

ఏ సంవత్సరపు బండి అన్నది కూడా ముఖ్యమే. చక్రాలు జారకుండా బ్రేకు పట్టే ఏ.బి.ఎస్. కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. డ్రైవరు ముందు గాలిసంచి ఆ ఏడు జులై నుంచి, పక్క సీటుకు 2021 ఆఖరునుంచి తప్పనిసరి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 బండ్లు. ఆ తరువాతి డీజిలు బండ్లలో పొగమసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు బండి ఎడతెగకుండా దూరం నడవాలి. బజారుకూ బడికీ తిరిగే ఇంటికి పెట్రోలు బండే సుఖం.

అత్తయ్య ముక్కు

మొదట చూసిన బండిని మదరాసు రిజిస్ట్రేషనుతో ఒక మధ్యవర్తి తెచ్చాడు. తెల్లగా పాలనురుగులా ఉన్నది. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త చాపలు, దేవుడిపటం దగ్గర అగరువత్తి. ధర మార్కెట్టుకంటే లక్ష తక్కువ! బావ మొహం వెలిగిపోయింది. నేనూ తలూపాను. అక్కయ్య డబ్బుసంచి తీయబోతున్నది.

"నాయనా, నన్నొకసారి కూర్చోనీండి" అన్నది అత్తయ్య. తలుపు వేసుకుని రెండు నిమిషాలు కూర్చున్నది. దిగి, "ఇది వద్దు" అన్నది.

"ఏమమ్మా?" అన్నాడు బావ.

"వరదొచ్చి పోయినాక ఇంట్లో ఒక వాసన ఉంటది చూడు, సున్నం కొట్టినా పోదు. ఆ వాసన ఉండాది దీంట్లో. అగరొత్తి ఎలిగిస్తే యాడికి పోతదబ్బయ్యా?"

మధ్యవర్తి నవ్వాడు. బావ మాత్రం నవ్వలేదు. ఊళ్ళో మెకానిక్కును పిలిపించాడు. అతను మాటామంతీ లేకుండా సీటుబెల్టు ఆఖరుదాకా లాగాడు. పైన శుభ్రంగా ఉన్న పట్టీ అడుగున మట్టిచార కనిపించింది. డిక్కీలో స్టెప్నీ చక్రం పైకెత్తితే ఆ గుంటలో సన్నని ఒండ్రు. చాప కింద తివాచీ అంచు ఎత్తితే సీటు బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. మధ్యవర్తి ఫోను వచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయాడు.

మన ప్రాంతానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. 2015లో మదరాసు మునిగింది. 2021 నవంబరులో పెన్న పొంగి, నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద జాతీయ రహదారే తెగిపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మదరాసునూ నెల్లూరునూ ముంచింది. మునిగిన కారు బాగుచేసే ఖర్చు దాని బీమా విలువలో మూడు వంతుల పాలు దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తినష్టంగా లెక్కకట్టి, సొమ్ము చెల్లించి, ఆ శిథిలాన్ని వేలం వేస్తుంది. ఆ బండ్లు కొన్ని కడిగించుకుని, రంగు వేయించుకుని, ఊరు మార్చుకుని మళ్ళీ పెళ్ళికొడుకులై వస్తాయి. నేటి కారులో తీగలు, కంప్యూటరు పెట్టెలు, గాలిసంచుల మీటలు సీట్ల కిందా నేలలోనూ ఉంటాయి. వాటి కొసలకు నీరు తగిలితే ఈనాడు బాగానే ఉండి, ఏ అర్ధరాత్రో మొరాయిస్తాయి. అత్తయ్యకు కారు అవసరమయ్యేది ఆ అర్ధరాత్రే కదా!

మరొక మాట. ఎత్తుగా ఉన్నది కదా అని నీళ్ళలోకి తోలటం తప్పు. నేలకూ బండి అడుగుకూ ఉన్న ఎడం రెండు వందల మిల్లీమీటర్లు, అంటే జానెడు. ఇంజను పీల్చే గాలితోపాటు నీరు లోపలికి పోతే, గాలిలాగా నీరు నలగదు. లోపలి ఇనుపకడ్డీలే వంగిపోతాయి. అటువంటి బండిని నీళ్ళలో ఆగిపోయాక మళ్ళీ స్టార్టు చేయబోతే నష్టం రెట్టింపు.

ఉప్పుగాలి సంతకం

వరద ఒకనాటి శత్రువు. సముద్రపుగాలి రోజూ వచ్చే శత్రువు. ఇనుముకు గాలీ తేమా చేరితే తుప్పు. ఆ తేమలో ఉప్పు కలిస్తే అందులో విద్యుత్తు సులభంగా పారుతుంది, తుప్పు పరుగెత్తుతుంది. రొయ్యల గుంటల గట్లమీద తిరిగిన బండికి, రేవు దగ్గర ఎండనకా వాననకా నిలిచిన బండికి పైరంగు మెరుస్తూనే ఉంటుంది, అడుగు తినేసి ఉంటుంది. అందుకని బండిని పైకెత్తించి కింద చూడాలి. పొగగొట్టం, చక్రాల చేతులు, బ్రేకు గొట్టాలు, తలుపుల కింద నీరు కారే చిల్లులు, ఈ నాలుగూ చూస్తే బండి ఏ గాలిలో పెరిగిందో చెప్పవచ్చు. పైపైన పొడిలాంటి తుప్పుకు భయం లేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెచ్చులుగా ఊడేది ప్రమాదం.

మా మెకానిక్కు జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి గుడ్డ చుట్టి ఇనుపరేకుల మీద నడిపిస్తాడు. పుట్టీ పూసి టింకరింగు చేసినచోట అది పట్టు వదులుతుంది. బానెట్టు బిగించిన బోల్టుల తలల మీద రంగు చెదిరిందంటే ఎప్పుడో విప్పారన్నమాట. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందనే బండికి నాలుగు టైర్లూ మార్చి ఉంటే, ఎందుకని అడగండి. సర్వీసు రికార్డులోని కిలోమీటర్లను వరసగా చూడండి. వెనక్కు నడిచే కాలం లేదుగాని, వెనక్కు నడిచే మీటర్లు ఉన్నాయి!

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. నీలిపొగ ఆయిలు తాగుతున్నదని చెబుతుంది. వేడెక్కినా ఆగని తెల్లపొగ నీరు లోపలికి పోతున్నదని చెబుతుంది.

కాగితాల జాతకం

రెండవ బండి నెల్లూరులో ఒక ఉద్యోగస్థునిది. 2019 నాటిది, పెట్రోలు బండి. ఎడమ తలుపుకు గీత, వెనక బంపరుకు సొట్ట. చూపులకు సామాన్యమే. మెకానిక్కు అరగంట అడుగున పడుకుని లేచి, "సార్, దీనికి అబద్ధాలు తెలియవు" అన్నాడు.

ఇక కాగితాలు. రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ బండిమీది వాటితో అక్షరం అక్షరం సరిచూశాం. బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనసు 50 శాతం ఉన్నది. ఈ బోనసు ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. సొంత నష్టానికి క్లెయిము పెట్టగానే మామూలుగా సున్నాకు దిగుతుంది. కాబట్టి అది బండి ఆరోగ్యానికి ఒక సాక్ష్యం. అయితే ఆ బోనసు మనిషిది, బండిది కాదు, కొన్నవారికి రాదు. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రమూ, ఫారం 35 తీసుకోవాలి. చలానాల బాకీలు ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తాయి. పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆఫీసునుంచి ఫారం 28 మీద అనుమతి తేవాలి, ఇక్కడ జీవితపన్ను కట్టాలి. మదరాసు బండి లక్ష చవక అనుకున్నప్పుడు ఈ పన్ను లెక్క బావకు తట్టనేలేదు.

బేరంలో మరొక ఆయుధం ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ చిన్న తరగతి కొత్త కార్లమీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి గదా! ఇక పాత కారు జి.ఎస్.టి. అని కొందరు బెదిరిస్తారు. అది రిజిస్టరైన వ్యాపారి తనకు మిగిలిన లాభంమీద కట్టేది. ఇంటివారు ఇంటివారికి అమ్ముకుంటే లేదు.

డబ్బిచ్చి తాళంచెవి తీసుకుని, "పేరు మార్పు తరవాత చూద్దాం" అనటం మనవాళ్ళ అలవాటు. అమ్మేవారికీ కొనేవారికీ కూడా ఇది కొంపలు ముంచే అలవాటు. పేరు మారకముందు ప్రమాదం జరిగితే, రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి నాలుగు చేతులు మారినా సరే, మొదటి ఆయన జవాబు చెప్పుకోవాలి. కొన్నవారి సంగతీ అంతే. ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా బండితోపాటు వచ్చినా, పాలసీ తన పేరుకు మార్చుకోకపోతే సొంత బండి నష్టానికి క్లెయిము చిక్కుల్లో పడుతుంది. చట్టం ప్రకారం, ఒకే రాష్ట్రంలో అయితే, అమ్మినవారు 14 రోజుల్లోనూ కొన్నవారు 30 రోజుల్లోనూ రవాణా శాఖకు తెలియజేయాలి. అందుకు ఫారం 29, ఫారం 30. బీమా మార్పుకూ గడువు 14 రోజులే.

బావ అమ్మినాయనను వదల్లేదు. ఆయనా మంచివారు, "నా పేరు పోయేదాకా నాకూ నిద్రపట్టదు" అని తానే వచ్చి సంతకాలు చేశారు. మిగిలిన సొమ్ములో పాతిక వేలు పేరు మారిన రోజున ఇచ్చేటట్టు ముందే మాటనుకున్నారు. మీరూ అలాగే చేయండి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. ఎడమ తలుపు గీత అలాగే ఉన్నది. ఆ మధ్య ఒక రాత్రి అత్తయ్యకు మళ్ళీ ఆయాసం వచ్చిందట. ముప్పావుగంటలో నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నారట. అక్కయ్య ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నది.

వాకిట్లో బావ గొట్టం పట్టుకుని బండి అడుగంతా మంచినీళ్ళతో కడుగుతున్నాడు. అత్తయ్య అరుగుమీద కూర్చుని అజమాయిషీ చేస్తున్నది.

"ఏం అత్తయ్యా, సంబంధం నచ్చిందా?" అన్నాను.

"నచ్చకేం నాయనా! వారానికొకసారి ఇట్టా తలంటిపోస్తే చాలు, ఉప్పుగాలి దిష్టి తగలదు. ఒరే, ఆ వెనక చక్రం కింద పొయ్యలేదు, చూడు!" అన్నది.