దొంగ హీరోకి క్షయ వస్తే..!

వీడియో గేముల్లో హీరో ఇప్పుడు మంచివాడే కానక్కర్లేదు. 2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో మనం నడిపించే ఆర్థర్ మోర్గాన్ ఓ దోపిడీ ముఠా మనిషి. కథ 1899 నాటి అమెరికాలో సాగుతుంది. అప్పు వసూలుకు వెళ్లి ఓ రోగిని చితకబాదుతాడు. ఆ రోగి దగ్గు నుంచే ఆర్థర్‌కు క్షయ సోకుతుంది. చావు దగ్గరపడ్డాక చేసిన తప్పులు గుర్తొస్తాయి.

కథగా బాగానే ఉంది. కానీ క్షయ పాపానికి శిక్ష కాదు, గాలి ద్వారా సోకే బ్యాక్టీరియా జబ్బు. ఆ అపోహతోనే చాలామంది జబ్బును దాచిపెడతారు. ఆర్థర్ కాలంలో మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. ఇప్పుడు మామూలు క్షయ ఆరు నెలల చికిత్సతో నయమవుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి. కాస్త తగ్గిందని మధ్యలో మందులు ఆపకూడదు.

ఇక తల్లిదండ్రులకు ఓ మాట. ఈ గేమ్‌కు అమెరికాలో 17 ఏళ్లు, యూరప్‌లో 18 ఏళ్లు వయోపరిమితి. చిన్నపిల్లలకు వద్దు. ఆ వయసు దాటినవాళ్లు ఆడుతుంటే తిట్టకుండా పక్కన కూర్చోండి. ‘ఆ రోగిని కొట్టడం నీకెలా అనిపించింది?’ అని అడగండి. జవాబు ఓపిగ్గా వినండి.