గనిపనివాని భోజనము - కార్నిష్ పేస్టీ

కష్టజీవి యెచ్చటనున్నను వాని వెంట నొక అన్నపుమూట యుండును. మన పొలము పనివారు చద్దియన్నమును, ఉల్లిపాయను మూటగట్టుకొని పోవుట మన మెరిగినదే. ఇంగ్లండు దేశమునకు నైరృతిమూలనున్న కార్న్‌వాల్ సీమలో తగరపుగనుల పనివారు పేస్టీ యను పిండివంటను వెంటగొని భూగర్భమునకు దిగుచుండిరి. గనిలో బల్ల లేదు, పళ్లెము లేదు, చేతులు కడుగుకొన నీళ్లును లేవు. రొట్టె, కూర, పాత్ర మూడును ఒక్కటియే యైన పేస్టీ వారికి చక్కగా సరిపోయెను.

ఇది మన కజ్జికాయవలె అర్ధచంద్రాకారముగ నుండును. కాని పరిమాణమున చాల పెద్దది, రుచికి ఉప్పనిది. 2011వ సంవత్సరమున ఐరోపా సమాజమువారు దీని పేరునకు చట్టరక్షణ నొసగిరి. ఆ నియమముల ప్రకారము ఇందు గొడ్డుమాంసము, బంగాళాదుంప, స్వీడ్ అను పసుపువన్నె దుంప, ఉల్లిపాయ ఉండవలెను. ఉప్పు మిరియములు తప్ప మసాలా లేదు. మాంసము నూటికి 12.5 పాళ్లకు తగ్గరాదు. పూర్ణమును పచ్చిగానే పెట్టవలెను. అంచు పైభాగమున గాక ప్రక్కనే మెలిపెట్టవలెను.

ఆరు పేస్టీలకు వలయు వస్తువులివి. పైపిండికి: గట్టి గోధుమపిండి 500 గ్రాములు, పందికొవ్వు గాని వెన్న గాని 150 గ్రాములు, చన్నీళ్లు 175 మిల్లీలీటర్లు, ఉప్పు ఒక చెంచా. పూర్ణమునకు: మాంసము 450 గ్రాములు, బంగాళాదుంపలు 450 గ్రాములు, స్వీడ్ 250 గ్రాములు, ఉల్లిపాయలు 200 గ్రాములు.

మొదట పిండిలో ఉప్పును, కొవ్వును కలిపి వ్రేళ్లతో నలిపి, పిమ్మట నీరుపోసి, సాగునంతవరకు బాగుగ మర్దింపవలెను. దీనిని మూడుగంటలు చల్లనిచోట నుంచినచో పిండి నెమ్మదించి, ఒత్తునపుడు వెనుకకు ముడుచుకొనదు. తరువాత ఆరుభాగములు చేసి, ఒక్కొక్కదానిని 20 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రముగ ఒత్తవలెను. మాంసమును, దుంపలను సన్నని ముక్కలుగ తరిగి, ఉల్లిపాయతో కలిపి, ఉప్పు మిరియములు చల్లి, ఒక సగమున నింపవలెను. అంచు తడిచేసి, రెండవ సగమును మీదికి మడచి నొక్కి, మన స్త్రీలు కజ్జికాయ అంచును బొటనవ్రేలితో మడచునట్లే మెలిపెట్టవలెను. పైన గ్రుడ్డుసొన పూసి, ఆవిరి పోవుటకు చిన్న గాటుపెట్టి, 180 సెంటీగ్రేడు డిగ్రీల వేడిగల ఓవెనులో ఇంచుమించు 50 నిమిషములు కాల్చవలెను.

మొదటిసారి చేసినపుడు మేము ఈ నియమములను నమ్మలేదు. పచ్చిమాంసము పిండిలోపల ఎట్లుడుకునని శంకించి, పూర్ణమును ముందుగానే వండితిమి. ఫలితముగ దుంపలు ముద్దయయ్యెను. అడుగు నాని చినిగి, రసమంతయు పళ్లెము పాలయ్యెను. పచ్చిగ పెట్టినచో మాంసరసము మెల్లమెల్లగ ఊరి దుంపలలో నింకును. ఆవిరి లోపలనే నిలిచి అన్నిటిని ఉడికించును. రెండవసారి ముక్కలు పెద్దవిగ తరుగుటచే దుంప గట్టిగ మిగిలెను. కావున ముక్కలు చిన్నవిగ నుండుట ముఖ్యము. తీయుటకుముందు ఒకదానిని విరిచి మధ్యముక్క ఉడికినదో లేదో చూడుడు. స్వీడ్ దొరకనిచో టర్నిప్ వాడవచ్చును. గొడ్డుమాంసము తినని యిండ్లలో వేటమాంసము చాలును. అప్పుడది కార్నిష్ పేస్టీ కాకపోవచ్చును గాని మంచి భోజనమే యగును. మిగిలినదానిని మన యెండలలో బయట నుంచక రిఫ్రిజిరేటరులో భద్రపరుపవలెను.

తగరపు ఖనిజముతో ఆర్సెనిక్ అను విషము కలిసియుండును గనుక, పనివారు అంచును పిడివలె పట్టుకొని తిని, తుదకు దానిని పారవేయుచుండిరని చెప్పుదురు. కాని పాత ఛాయాచిత్రములలో వారు గుడ్డలోనో, కాగితములోనో చుట్టి పట్టుకొని తినుచున్నట్లు కనబడుదురు. బీదవాడు అన్నమును పారవేయునా?

పందొమ్మిదవ శతాబ్దమున తగరపు ధరలు పడిపోగా ఆ పనివారు దేశదేశములకు వలసపోయిరి. మెక్సికోలోని హిడాల్గో సీమలో నేటికిని ‘పాస్తే’ యను పేర ఈ వంటకమును అమ్ముచున్నారు. మన పొరుగుననే యున్న కోలారు బంగారుగనులలోను కార్న్‌వాల్ వారు పనిచేసిరి. తెలుగుకూలీలును, తమిళకూలీలును అచ్చటనే శ్రమించిరి. కార్న్‌వాల్‌లో కడపటి తగరపుగని 1998లోను, కోలారు గనులు 2001లోను మూతపడెను. గనులు పోయినను వంటకము నిలిచెను.

ఆ యిండ్ల తల్లులు పేస్టీ మూలను తమ వాని పేరులోని మొదటి అక్షరమును పిండితో అతికించెడివారట. సగము తిని దాచుకొన్నవాడు మరల తన భాగమును గుర్తుపట్టుటకే ఆ యక్షరము. మన విద్యార్థులు ఇంటియందు ఈ వంటకమును చేసినపుడు ఆ యక్షరము మరువరాదని మా మనవి. అన్నము పెట్టు చేయి, తినువానిని పేరుపేరున తలచుకొనుట యన్నిటికంటె మంచి రుచి.